బైకు హ్యాండిల్‌కు నావిగేషన్ హోల్డరు సొంతంగా చేసుకోవడం

కనకదుర్గ వారధి మీద పలకలు కలిసే అతుకులు ఎన్ని ఉన్నాయో బైకు మీద వెళ్లేవారికి చేతులే లెక్క చెబుతాయి. అలాంటి ఒక అతుకు దగ్గర, ఒక సాయంత్రం విజయవాడ నుంచి గుంటూరు వెళ్తుండగా, నేను బజారులో కొని బిగించుకున్న హోల్డరు ఒక్కసారిగా తల వాల్చింది. అందులోని ఫోను జారి ట్యాంకు మీద పడి, ఛార్జింగు వైరును పట్టుకుని నా ఎడమ మోకాలి పక్కన వేలాడింది. వారధి దిగి తాడేపల్లి వైపు రోడ్డు పక్కన ఆగి చూస్తే, ఫోనును పట్టుకునే దవడలు చెక్కుచెదరలేదు, హ్యాండిల్‌కు బిగించిన క్లాంపూ కదల్లేదు. చెడింది ఆ రెంటికీ మధ్య ఉన్న నాలుగంగుళాల ప్లాస్టిక్ చేయి, దాని చివర ఎటైనా తిరిగేలా ఉన్న గుండ్రని బాల్ జాయింటు.

ఆ చేయి ఎందుకు చెడిందో అర్థమైతే కొత్త హోల్డరు ఎలా ఉండాలో సగం తేలిపోతుంది. ఒక కొసను బిగించి, రెండో కొసకు బరువు కట్టిన పట్టీని ఊహించుకోండి. పట్టీ పొడవు రెట్టింపయితే అదే బరువుకు అది ఎనిమిది రెట్లు వంగుతుంది. మందం రెట్టింపయితే వంగడం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే ఎంత గట్టి ప్లాస్టిక్ వాడారన్నది తర్వాతి మాట. ఫోను హ్యాండిల్ పైపుకు ఎంత దూరంలో ఉందన్నదే అసలు మాట. దీనికి తోడు, మన దగ్గర ఎక్కువగా తిరిగే ఒంటి సిలిండరు బళ్లలో ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగితే సెకనుకు సుమారు 67 సార్లు హ్యాండిల్‌కు అదురు అందుతుంది. ఆ లెక్కన గుంటూరు చేరేలోపు బాల్ జాయింటు రెండు లక్షల సార్లకు పైగానే అదిరి ఉంటుంది.

కాబట్టి ఇక్కడ వివరించే హోల్డరులో చేయి అనేదే ఉండదు. హ్యాండిల్ మధ్యభాగంలో, పైపును ఫోర్కుకు బిగించే హోల్డర్లకు అటూ ఇటూ రెండు అల్యూమినియం దిమ్మలు, వాటి మీద వంతెనలా ఒక పలక, ఆ పలక మీద రబ్బరు గ్రోమెట్ల (గాడి ఉన్న రబ్బరు ఉంగరాల) మధ్య ఫోను తట్ట ఉంటాయి. రెండు వైపులా ఆధారం ఉన్న పలక ఒక కొసన వేలాడే చేయిలా ఊగదు. పైగా హ్యాండిల్ మొత్తంలో అదురు తక్కువగా ఉండేది ఆ మధ్యభాగంలోనే. చివరలకు, అద్దాల కాడలకు పోయేకొద్దీ అది పెరుగుతుంది.

ఏ పరికరం కోసం?

రోజూ జేబులో ఉండే మంచి ఫోనును దీనికి వాడవద్దని నా సలహా. ఈమధ్యకాలపు ఫోన్లలో కెమెరా చేతి వణుకును సర్దుకోవడానికి లోపల లెన్సు కదిలేలా అమర్చుతారు. శక్తిమంతమైన బైకు ఇంజన్ల అదురుకు ఆ అమరిక దెబ్బతినవచ్చని, హ్యాండిల్‌కు బిగించేటట్లయితే అదురును తగ్గించే హోల్డరు వాడాలని 2021లో ఆపిల్ సంస్థ తానే చెప్పింది. ఇంట్లో మూల పడి ఉన్న పాత ఫోనులో మ్యాపులను ముందుగానే దించుకుంటే సిమ్ లేకపోయినా దారి చూపుతుంది, ఎందుకంటే ఉపగ్రహాల సంకేతం అందుకోవడానికి ఇంటర్నెట్టుతో పని లేదు. నేను వాడుతున్నది అలాంటి అయిదంగుళాల పాత ఫోనే.

బైకుల కోసమే తయారైన నావిగేషన్ పరికరం ఉన్నవారికి పని ఇంకా తేలిక. అలాంటి పరికరాలను కూర్చోబెట్టే తొట్టెల వెనుక సాధారణంగా 30 మిల్లీమీటర్లు, 38 మిల్లీమీటర్ల దూరంలో దీర్ఘచతురస్రంగా నాలుగు రంధ్రాలు ఉంటాయి. తట్టను మడిచే పనిని వదిలేసి, గ్రోమెట్ల మీద కూర్చునే చదునైన పలకకు ఆ కొలతలో రంధ్రాలు వేసుకుంటే సరిపోతుంది.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బండి నడుపుతూ చేతిలో ఫోను వాడడం నేరం. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ, దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ నడిపేవారి ఏకాగ్రత చెదరని రీతిలో ఇలాంటి పరికరాన్ని వాడుకోవచ్చని స్పష్టం చేసింది. అందువల్ల ఫోను స్పీడోమీటరుకు అడ్డు రాకుండా, రోడ్డు మీంచి చూపును కొంచెం దించితే చాలు కనబడేలా కూర్చోవాలి.

కొలతలు, అట్ట నమూనా

హ్యాండిల్ పైపు వ్యాసాన్ని టేపుతో కాక వెర్నియరుతో కొలవాలి. మన దగ్గరి మామూలు బళ్లలో ఎక్కువ భాగం 22 మిల్లీమీటర్ల పైపులే. మధ్యలో లావుగా ఉండి చివరలకు సన్నబడే హ్యాండిళ్లలో మధ్యభాగం 28.6 మిల్లీమీటర్లు ఉంటుంది. అర మిల్లీమీటరు తేడా వచ్చినా దిమ్మ సరిగా పట్టదు కనుక, క్రోమింగు మీద దుమ్ము తుడిచి, రెండు మూడు చోట్ల కొలిచి రాసుకోండి. తర్వాత పైపు మధ్యలో తిన్నగా ఎంత పొడవు ఉందో, ఫోర్కు హోల్డర్లు పోగా అటూ ఇటూ ఎంత చోటు మిగిలిందో చూడాలి. ఒక్కో వైపు కనీసం 18 మిల్లీమీటర్ల తిన్నని చోటు కావాలి. పైపు వంపు తిరిగిన చోట దిమ్మను బిగిస్తే రెండు దిమ్మలూ ఒకే గీతలో ఉండవు. పలకను బిగించేటప్పుడు బోల్టులు మెలితిరుగుతాయి. ఫోర్కు గొట్టాలకు విడివిడిగా హ్యాండిళ్లు ఉండే రేసు బళ్లకూ, హ్యాండిల్ అంతా ప్లాస్టిక్ మూతలో ఉండే స్కూటర్లకూ ఈ పద్ధతి పనికిరాదు.

ఫోర్కు హోల్డరు బోల్టులనే కొంచెం పొడవైనవి వేసి, వాటి కిందే పలకను బిగిస్తే దిమ్మల ఖర్చు తప్పుతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఆ నాలుగు బోల్టులే మొత్తం హ్యాండిల్‌ను పట్టుకుని ఉంటాయి. వాటి పొడవు, రకం, బిగువు తయారీదారు లెక్క ప్రకారమే ఉండాలి. ఫోను కోసం వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇప్పుడు ఒక చెప్పుల పెట్టె అట్ట తీసుకుని, 140 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుతో పలక ఆకారాన్ని కోసి హ్యాండిల్ మీద టేపుతో అంటించండి. దాని మీద ఫోనును నిలువుగా పెట్టండి. దారి చూసుకోవడానికి నిలువు తెరే మేలు, ముందున్న దారి ఎక్కువ దూరం కనబడుతుంది. తర్వాత చేసే పనిని తొందరపడకుండా చేయాలి. బండి మీద మామూలుగా కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. తాళంచెవి పెట్టి తిప్పడానికి వేళ్లకు చోటు ఉందా, క్లచ్ కేబులు, బ్రేకు గొట్టం అట్టకు రాసుకుంటున్నాయా, పెట్రోలు మూత తెరుచుకుంటోందా, స్పీడోమీటరులో ఇండికేటరు దీపం కనబడుతోందా అన్నవి ఒక్కొక్కటే గమనించాలి. నా మొదటి అట్ట తాళంచెవి మీద సరిగ్గా కూర్చుంది. పలకను 20 మిల్లీమీటర్లు నా వైపు జరిపాక గాని వేళ్లు పట్టలేదు. ఆ జరుపు అట్ట మీద అయితే కత్తెర పని. అల్యూమినియం మీద అయితే పలక మొత్తం చెత్తబుట్ట పాలయ్యేది. ఒక రోజంతా ఆ అట్టతోనే ఊళ్లో తిరిగితే ఇంకా మంచిది, చూసేవాళ్లు నవ్వినా సరే.

ఆటోనగర్‌లో పని

బోల్టులు, నైలాక్ నట్లు (అదురుకు వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉండేవి), వాషర్లు ఏ హార్డ్‌వేరు దుకాణంలోనైనా దొరుకుతాయి. అల్యూమినియం, లేతు పని కోసం మాత్రం బళ్ల మరమ్మతు షెడ్లు ఉండే విజయవాడ ఆటోనగర్‌కే వెళ్లాలి. గుంటూరు వారికి వారి ఆటోనగర్ ఉండనే ఉంది. తుక్కు అల్యూమినియాన్ని కిలోల లెక్కన అమ్మేచోట 15 మిల్లీమీటర్ల మందం గల పట్టీ ముక్క, 3 మిల్లీమీటర్ల పలక ముక్క, 2 మిల్లీమీటర్ల రేకు ముక్క అడగండి. ఏ రకం లోహమో అమ్మేవారు చెప్పలేకపోవచ్చు. దిమ్మలకూ, వంతెన పలకకూ గట్టి రకం కావాలి; వాటిని వంచే పని లేదు కాబట్టి 6061 అనే అల్యూమినియం మిశ్రమం లాంటిది దొరికితే శ్రేష్ఠం. తట్టకు తీసుకునే రేకును మడవాలి కాబట్టి గట్టి రకం పనికిరాదు, మడత దగ్గర పగులుతుంది. రేకు మూలను పకారుతో పట్టి ఒకసారి వంచి చూస్తే, పగలకుండా లొంగితే అది తట్టకు సరిపోయే రేకు.

నేను తొలిసారి లేతు షెడ్డుకు తీసుకెళ్లిన బొమ్మలో దిమ్మ నుంచి పైకి లేచి ముందుకు వంగిన ఒక ఎల్ ఆకారపు పట్టీ ఉండేది. టర్నరు ఆ కాగితాన్ని నూనె చేతితోనే తిప్పి చూసి, "ఇంత పొడుగు దేనికండీ, ఊగుద్ది కదా" అన్నాడు. నేను ఫోను వంపు సరిచేసుకోవడానికన్నాను. "దిమ్మనే తిప్పుకోండి, పైపు గుండ్రంగానే ఉందిగా" అన్నది అతని జవాబు. ఈ హోల్డరులో నాది కాని తెలివి ఏదైనా ఉంటే అదే. దిమ్మలు గుండ్రని పైపును పట్టుకుంటాయి కనుక, బోల్టులు కొంచెం వదులు చేసి రెండింటినీ కలిపి తిప్పితే పలక ఏ కోణానికి కావాలంటే ఆ కోణానికి వాలుతుంది. అందుకు వేరే కీలు అక్కరలేదు.

22 మిల్లీమీటర్ల పైపుకు ఒక్కో దిమ్మ 45 మిల్లీమీటర్ల పొడవు, 32 ఎత్తు, 15 మందంతో ఉంటుంది. సరిగ్గా నడిమధ్య 22 మిల్లీమీటర్ల బెజ్జం వస్తుంది. దానికి ముందూ వెనుకా, ఒకదానికొకటి 33 మిల్లీమీటర్ల దూరంలో, పై నుంచి కిందికి 5.5 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేయాలి. వాటిలో ఎం5, అంటే 5 మిల్లీమీటర్ల లావు బోల్టులు దిగుతాయి. ఈ కొలతలతో బోల్టుకూ బెజ్జానికీ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల లోహం మిగులుతుంది. అంతకన్నా తగ్గించకండి.

పనిలో వరుస చాలా ముఖ్యం. బోల్టు రంధ్రాలు వేసి, మధ్య బెజ్జం తీయించి, ఆ తర్వాతే దిమ్మను హాక్సాతో అడ్డంగా రెండు ముక్కలు చేయాలి. ముందే కోస్తే రెండు సగాల రంధ్రాలు ఎప్పటికీ ఒక గీతలోకి రావు. రంపం తిన్న ఒక మిల్లీమీటరు లోహం వృథా అనుకోనక్కరలేదు. ఆ ఖాళీయే రేపు బోల్టు బిగిస్తే దిమ్మ పైపును నొక్కేలా చేస్తుంది. కోసే ముందు ఒక్కో దిమ్మ రెండు సగాల మీదా సెంటర్ పంచ్‌తో ఒకే గుర్తు కొట్టుకోండి, మొదటి దానికి ఒక చుక్క, రెండో దానికి రెండు. లేకపోతే బల్ల మీద పడ్డ నాలుగు ముక్కల్లో ఏది దేని జతో తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది. కోసిన అంచులను ఆకురాయితో నున్నగా చేయాలి, పదును మిగిలితే అది క్రోమింగును గీరుతుంది.

వంతెన పలకకు నాలుగు దిమ్మ రంధ్రాల దూరాలను కాగితం మీది లెక్కతో కాకుండా బండి మీదే గుర్తించాలి. దిమ్మలను హ్యాండిల్‌కు వేళ్లతో బిగించి, పై రంధ్రాల మీద అట్టను నొక్కితే అచ్చు పడుతుంది. ఆ అచ్చును పలక మీదికి దించుకుని, పంచ్ కొట్టి, మొదట 3 మిల్లీమీటర్ల బిట్టుతో, తర్వాత 5.5తో డ్రిల్లు చేయండి. డ్రిల్లు చేసేటప్పుడు పలకను చేత్తో పట్టుకోకూడదు. బిట్టు ఇరుక్కుందంటే పలక ఫ్యాను రెక్కలా తిరుగుతుంది. బెంచ్ వైసులో బిగించి, బిట్టు మీద రెండు చుక్కల కిరసనాయిలు వేస్తే అల్యూమినియం బిట్టుకు అతుక్కోదు.

బిగించడం

దిమ్మ, పలక, రెండు వాషర్లు, నైలాక్ నట్టు అన్నీ కలిపి సుమారు 42 మిల్లీమీటర్లు వస్తాయి కనుక ఎం5 బోల్టు 45 మిల్లీమీటర్ల పొడవుది తీసుకోవాలి. బోల్టు తల పలక మీద, నట్టు దిమ్మ కింద ఉంటుంది. నాలుగింటినీ కొంచెం కొంచెంగా, ఒకటి ముందు, ఒకటి వెనుక, మార్చి మార్చి బిగిస్తూ, దిమ్మ సగాల మధ్య ఖాళీ రెండు వైపులా సమానంగా ఉండేలా చూసుకోండి. ఒక వైపు ఖాళీ పూర్తిగా మూసుకుపోయి, రెండో వైపు నోరు తెరిచి ఉంటే పట్టు సగమే. బిగింపు పూర్తయ్యాక కూడా సన్నని ఖాళీ మిగలాలి. అది మూసుకుపోయినా దిమ్మ పైపు మీద తిరుగుతోందంటే బెజ్జం పెద్దదయిందని అర్థం. అప్పుడు కూల్‌డ్రింకు డబ్బా రేకును పట్టీలా కోసి పైపు చుట్టూ ఒక చుట్టు వేసి మళ్లీ బిగించండి.

అక్కడ సైకిలు ట్యూబు ముక్క పెడితే పోదా అని చాలామంది అంటారు. నేను వద్దంటాను. మెత్తదనం ఒక్కచోటే ఉండాలి, అది మనం లెక్కతో పెట్టిన చోట ఉండాలి. దిమ్మ దగ్గర రబ్బరు, గ్రోమెట్ల దగ్గర రబ్బరు, ఫోను కింద స్పాంజి, ఇలా మూడు మెత్తదనాలు ఒకదాని మీద ఒకటి చేరితే ఫోను జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టే.

రబ్బరు

బళ్ల పక్క ప్యానెళ్లు ఊడకుండా పట్టి ఉంచే రబ్బరు గ్రోమెట్లు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. మెడ దగ్గర గాడి 3 మిల్లీమీటర్ల పలకకు సరిపోయేవి నాలుగు ఎంచుకోండి. వాటి మెడ ఎంత లావో కొలిచి, వంతెన పలకలో ఆ సైజు రంధ్రాలు నాలుగు, ముందుకూ వెనక్కూ 60, పక్కకు 50 మిల్లీమీటర్ల దూరంలో వేసి గ్రోమెట్లు ఎక్కించండి. తట్టకు బిగించే ఎం4 బోల్టులు వీటి గుండా దిగుతాయి.

చాలామంది చేసుకున్న హోల్డర్లు ఇక్కడే తేలిపోతాయి. బోల్టును గ్రోమెట్టులోంచి నేరుగా దించి గట్టిగా బిగిస్తే రబ్బరు నలిగి చెక్కలా గట్టిపడుతుంది. ఇక అది ఉన్నా లేనట్టే. బిగించకుండా వదిలేస్తే నట్టు ఊడిపోతుంది. దీనికి మందు, గ్రోమెట్టు బెజ్జంలో ఒక చిన్న లోహపు గొట్టం పెట్టడం. గ్రోమెట్టు మొత్తం ఎత్తు 8 మిల్లీమీటర్లయితే గొట్టం 7.5 ఉండాలి. అప్పుడు బోల్టు బిగువంతా గొట్టం మీద ఆగుతుంది, రబ్బరు అర మిల్లీమీటరు మాత్రమే నొక్కుకుని తన పని తాను చేసుకుంటుంది. గొట్టం కింద, పైన గ్రోమెట్టు కన్నా పెద్ద వాషరు ఉంటే, రబ్బరు ఎప్పుడైనా చిరిగినా తట్ట పలక మీంచి లేచిపోదు.

రబ్బరు ఎంత మెత్తగా ఉండాలన్నదానికి ఒక చిన్న లెక్క ఉంది. తట్ట, ఫోను బరువుకు రబ్బరు పావు మిల్లీమీటరు కుంగితే ఆ అమరిక సహజంగా సెకనుకు సుమారు 32 సార్లు ఊగుతుంది. ఇంజను అదురు దానికి 1.4 రెట్లు దాటిన తర్వాతే రబ్బరు అదురును తగ్గించడం మొదలుపెడుతుంది, అంటే నిమిషానికి దాదాపు 2700 చుట్ల పైన. అంతకన్నా దిగువన, 1900 చుట్ల చుట్టుపక్కల, రబ్బరు అదురును తగ్గించకపోగా పెంచుతుంది. బెంజిసర్కిలు సిగ్నలు దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు తెర వణుకుతూ కనిపించి, రోడ్డు ఎక్కి వేగం అందుకోగానే అది స్థిమితపడితే హోల్డరు చెడిందని కంగారు పడకండి, రబ్బరు చేసే పనే అది. దీనికి తలకిందులుగా, వేగం మీద అక్షరాలు రెండుగా కనబడుతుంటే రబ్బరు మరీ గట్టిదైనా అయి ఉండాలి, గొట్టం మరీ పొట్టిదై రబ్బరు నలిగైనా ఉండాలి.

ఫోను తట్ట

2 మిల్లీమీటర్ల రేకు మీద ఫోనును కవరుతో సహా బోర్లించి గీత గీసి, చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలి, ఆ బయట అంచుల కోసం మరో 12 మిల్లీమీటర్లు ఉంచుకుని కోయండి. అడుగున రెండు అంచులు, మధ్యలో ఛార్జింగు పిన్నుకు ఖాళీ. ఎడమ పక్క ఒక స్థిరమైన అంచు. కుడి పక్క అంచును వేరే ముక్కగా చేసి, పొడవైన గాడిలో ఎం4 రెక్కల నట్టుతో జరిపి బిగించేలా పెడితే ఫోను తీయడం, పెట్టడం చేతి గ్లోవ్సుతోనే అవుతుంది. అంచుల లోపలి వైపు 2 మిల్లీమీటర్ల రబ్బరు షీటు అంటించాలి.

అంచులు ఎక్కడ వస్తాయో గీసేటప్పుడు ఫోను బొత్తాలను మరిచిపోవద్దు. నా తట్ట కుడి అంచు సరిగ్గా పవరు బొత్తం మీద కూర్చుంది. మంగళగిరి వెళ్లేలోపు గుంత వచ్చినప్పుడల్లా తెర ఆరిపోయేది, రెండు గుంతలు వెంటవెంటనే వస్తే మళ్లీ వెలిగేది. ఆకురాయితో ఆ చోట అర్ధచంద్రంలా తీసేశాక గాని ఆ దాగుడుమూతలు ఆగలేదు.

వీపు భాగమంతా స్పాంజి పరచకండి. నాలుగు మూలల్లో 4 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు చాలు. బోల్టు తలలు ఫోనుకు తగలవు, వెనుక గాలి ఆడుతుంది. విజయవాడ మే నెల ఎండలో ఇది చిన్న విషయం కాదు. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని వాటి తయారీదారే చెబుతుండగా, ఇక్కడ రోడ్డు మీద నలభై దాటడం ఏటా చూసేదే. ఎండ, ఛార్జింగు, నావిగేషన్ మూడూ కలిస్తే ఫోను ముందు తెర వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగు ఆపుతుంది, చివరకు తానే పడుకుంటుంది. ఈ కారణంగానే త్రీడీ ప్రింటరుతో తట్ట చేయించుకోవాలనుకునే వారు పీఎల్ఏ ప్లాస్టిక్‌ను ఎంచుకోకూడదు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి మీద నల్లటి వస్తువు ఆ వేడిని అందుకోవడం కష్టమేమీ కాదు.

తట్టకు ఒక మూల రంధ్రం వేసి, ఫోను కవరు నుంచి హ్యాండిల్‌కు సన్నని నైలాన్ తాడు కట్టండి. వారధి మీద నా ఫోనును ఛార్జింగు వైరు కాపాడింది గాని, వైరు పని అది కాదు.

కరెంటు

యూఎస్‌బీ ఛార్జరు అయిదు వోల్టులు, రెండు ఆంపియర్లు ఇచ్చేదయితే అది పది వాట్లు. బ్యాటరీ నుంచి దానికి ఒక ఆంపియరు సరిపోతుంది. బ్యాటరీ పాజిటివ్ దగ్గర, వీలైనంత దగ్గరగా, రెండు ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగండి. ఫ్యూజును ఛార్జరు దగ్గర పెడితే దానికీ బ్యాటరీకీ మధ్య వైరు ఎక్కడ ఒరిసి చాసీకి తగిలినా కాలేది వైరే.

తాళంచెవి తీసేసినా ఛార్జరు కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. నాలుగు రోజులు బండి తీయకపోతే సెల్ఫు మొరాయించవచ్చు. అందువల్ల ఒక చిన్న రిలే (తాళంచెవి తిప్పినప్పుడే ఛార్జరుకు కరెంటు వదిలే స్విచ్చు) పెట్టడం ఉత్తమం. ఫ్యూజు నుంచి వచ్చే వైరు 30వ పిన్నుకు, ఛార్జరుకు వెళ్లేది 87వ పిన్నుకు, తాళంతో వెలిగే ఏదైనా ఒక తీగ 86కు, ఎర్తు 85కు కలపాలి. వారంటీ ఉన్న బండిలో కంపెనీ తీగలను కోసి అతకవద్దు. అలాంటి బండికి ట్యాంకు బ్యాగులో పవర్ బ్యాంకు పెట్టుకోవడమే నయం.

వైరును హ్యాండిల్ వైపు తెచ్చేటప్పుడు కంపెనీ తీగల కట్ట వెంబడే తీసుకెళ్లి, హ్యాండిల్ పూర్తిగా ఇటూ అటూ తిరిగినా లాగకుండా కొంత వదులు ఉంచాలి. కేబుల్ టైను క్లచ్, యాక్సిలరేటరు కేబుళ్లను కలిపి ఎప్పుడూ వేయకూడదు. అంతా అయ్యాక ఇంజను స్టార్టు చేసి, న్యూట్రల్లో హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. ఇంజను శబ్దం ఏ కొంచెం పెరిగినా ఏదో యాక్సిలరేటరు కేబులును లాగుతోందని అర్థం. అది సరిచేయనిదే బండి కదిలించవద్దు.

పరీక్ష

మొదటి రోజు ఫోను పెట్టకుండా, దాని బరువుకు సమానంగా ఒక చెక్క ముక్కను తట్టలో బిగించి తిరగండి. ఊళ్లో స్పీడు బ్రేకర్లు, ఆ తర్వాత వారధి, అటు మంగళగిరి దాకా జాతీయ రహదారి. ఇంటికొచ్చి చూస్తే చెక్క మీద అంచులు ఎక్కడ ఒరిశాయో గీతలు చెబుతాయి, అక్కడ రబ్బరు సరిచేయాలి. దిమ్మలు పైపు మీద తిరిగాయేమో తెలుసుకోవడానికి బయలుదేరే ముందే పైపు మీంచి దిమ్మ మీదికి గోళ్ల రంగుతో ఒక సన్నని అడ్డగీత గీయండి. ప్రతి నట్టు మీంచి బోల్టు కొస మీదికి కూడా అలాంటిదే ఒక గీత ఉండాలి. మొదటి వంద కిలోమీటర్లకు ఒకసారి బోల్టులన్నీ అలెన్ కీతో చూసి, వదులైన వాటిని బిగించి, పాత గీత చెరిపి కొత్తది గీసుకోవాలి. ఆ తర్వాత నుంచి బండి కడిగినప్పుడల్లా గీతలు విరగకుండా ఉన్నాయో లేదో ఒక చూపు చూస్తే చాలు. నాది రెండు వానాకాలాలు దాటింది. ముందు వైపు కుడి నట్టు గీత ఒక్కటే ఒకసారి పక్కకు జరిగింది, అక్కడ వాషరు వేయడం నేనే మరిచిపోయాను.